వేడి మీద సెల్ఫ్ కొట్టని పికప్

ప్రశ్న (నల్గొండ):
అన్నలూ, డీజిల్ పికప్‌లో బత్తాయి మార్కెట్‌కు లోడు తోలుతా. పొద్దున తాళం తిప్పగానే అందుకుంటుంది. లోడు దించి మళ్లీ తిప్పితే టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. హెడ్‌లైట్లు మాత్రం ఫుల్. చల్లారితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. మెకానిక్ మాట విని కొత్త బ్యాటరీ వేయించా. డబ్బులు పోయాయి, రోగం పోలేదు. రోజూ హమాలీలతో తోయించుకోవాలంటే సిగ్గుగా ఉంది.

జవాబు (మిర్యాలగూడ):
రైస్‌మిల్లు బండ్లకు వైరింగ్ చేస్తా తమ్ముడూ. లైట్లు చూసి మోసపోకు. వాటికి పది ఆంపియర్లు చాలు, డీజిల్ ఇంజిన్‌ను తిప్పే సెల్ఫ్ మోటారు వందల్లో లాగుతుంది. మొరాయించినప్పుడే చూడాలి, చల్లారాక వోల్టు మీటరు పెట్టి లాభం లేదు. న్యూట్రల్‌లో ఉంచి, మీటరు ఒక వైరు బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజిన్ ఇనుము మీద ఆనించి తాళం తిప్పించు. అర వోల్టు దాటితే బ్యాటరీ మైనస్‌ను ఇంజిన్‌కు కలిపే ఎర్త్ వైరే దొంగ. సున్నా దగ్గరే ఉంటే, తాళం తిప్పించి సెల్ఫ్ మీది సన్న వైరుకు మీటరు పెట్టి చూడు. 12 వోల్టుల దరిదాపుల్లో వస్తున్నా మోటారు కదలకపోతే సోలెనాయిడ్ (సెల్ఫ్ మీదుండే పెద్ద కరెంటు స్విచ్) కాంటాక్టులు కాలి ఉండొచ్చు. వోల్టులే రాకపోతే తప్పు రిలేలోనో (తాళం కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్), తాళం స్విచ్‌లోనో ఉండొచ్చు.

జవాబు (దేవరకొండ):
సెల్ఫ్ కొత్తది కొనమంటారు, ఒప్పుకోకండి. చాలా వాటికి కాంటాక్టులు విడిగా దొరుకుతాయి.

ప్రశ్న వేసినవాడినే:
ఎర్త్ వైరే అన్నా! 1.8 వోల్టులు చూపించింది. పైకి నున్నగానే ఉంది, రబ్బరు జరిపితే రాగి తీగలు పచ్చటి పొడి. వైరు మార్పించి, బోల్టు కింద గరుకు కాగితంతో రుద్దించా. మిట్టమధ్యాహ్నం కూడా అందుకుంటోంది.