అడవిలో రాత్రి బసకు కోటా పెట్టాల్సిందేనా?

కాలిబాట:
మూడేళ్లుగా ఒకే అడవిలో రాత్రి బస పర్మిట్ కోసం లాటరీ వేస్తున్నాను. మూడేళ్లూ తగల్లేదు. అదేమీ ప్రైవేటు రిసార్టు కాదు, లక్షల ఎకరాల ప్రభుత్వ అడవి. అంత అడవిలో నా ఒక్క టెంటుకు చోటు లేదంటే మింగుడు పడటం లేదు. రోజుకు ఇంతమందే అని ముందుగానే గిరి గీసేయడం న్యాయమా? మీరంతా ఏమంటారు?

స్వీడన్‌లో అలెమన్స్‌రెట్టెన్ అని ఒక హక్కు ఉంది. ప్రకృతిలో తిరగడానికి అందరికీ స్వేచ్ఛ. 1994లో దాన్ని రాజ్యాంగంలోకి కూడా ఎక్కించారు. ఇళ్లకు దగ్గరగా, పంట చేలల్లో వేయకూడదు గానీ, మిగతా చోట్ల చాలావరకు ఒకటి రెండు రాత్రులు టెంటు వేసుకుంటే అడిగేవాళ్లుండరు. "ఇబ్బంది పెట్టొద్దు, పాడుచేయొద్దు" అంతే వాళ్ల నియమం. మనుషుల్ని అలా నమ్మడం నాకు చాలా నచ్చింది. అడవి మీద ప్రేమ పుట్టాలంటే ముందు లోపల అడుగు పెట్టనివ్వాలి కదా.

మడుగుపిట్ట:
కాలిబాట గారూ, మీ బాధ తెలుసు. నేనూ రెండుసార్లు లాటరీ తగలక ఇంట్లో కూర్చున్నదాన్నే. అయినా కోటా ఉండాలనే అంటాను.

పోయినేడు కోటా లేని ఒక కొండ సరస్సు దగ్గర ఒక రాత్రి ఉన్నాను. ఒడ్డున పదకొండు టెంట్లు లెక్కపెట్టాను. నా టెంటు పక్కనున్న పైన్ చెట్టు వేర్లు నేలలోంచి పైకి తేలిపోయి, తొక్కీ తొక్కీ పాత ఇంటి గడపలా నున్నగా మెరుస్తున్నాయి. నా నడుమెత్తు దాకా బెరడు లేదు, మంట కోసం ఎవరో చెక్కేసుకున్నారు. పొద్దున్నే చాటు వెతుక్కుంటూ వెళ్తే ప్రతి పెద్ద రాయి వెనకా టిష్యూ పేపరే. అందరం నీళ్లు ముంచుకునే చోటికి అది ఇరవై అడుగులు కూడా లేదు. నీటికి 200 అడుగుల దూరం వెళ్లి, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల గుంట తీసి పూడ్చాలని నేర్పుతారు. రాతి నేలలో ఎవరు తవ్వుతారు? ఆ నీళ్లే మరగబెట్టుకుని తాగుతుంటే నాకు ఏడుపొచ్చింది.

కాలిఫోర్నియాలో ఇన్యో నేషనల్ ఫారెస్ట్ వైపు నుంచి మౌంట్ విట్నీ ఎక్కే బాట చూడండి. మే 1 నుంచి నవంబరు 1 దాకా రోజుకు పగటి నడకకు 100 మందిని, రాత్రి బసకు 60 మందినే పంపిస్తారు. బాట మీద ఒకప్పుడున్న మరుగుదొడ్లు కూడా తీసేశారు. ఎవరి మలం వాళ్లే సంచిలో పెట్టుకుని కిందికి మోసుకురావాలి. ఆ కాస్త మందికే ఇంత అవస్థ అయితే, గేటు బార్లా తెరిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

పాతమ్యాపు:
ఇద్దరూ తలల లెక్క దగ్గరే ఆగిపోయారు. నేల సంగతి కూడా చూడాలి. నేను కొన్నేళ్లుగా వాలంటీరుగా టెంట్లు వేసే చోట్లను కొలుస్తున్నాను. టేపు పట్టుకుని బోడి నేల ఎంతో, పైకి తేలిన వేర్లెన్నో, గాయపడిన చెట్లెన్నో రాసుకుంటాం.

అక్కడ కళ్లారా చూసింది చెప్తాను. ఎవరూ పడుకోని పచ్చిక మీద ఏడాదికి కొద్ది రాత్రులు టెంటు వేస్తే చాలు, గడ్డి చాలావరకు పోతుంది. అదే ముందే బోడిగా, గట్టిపడి ఉన్న చోట వంద రాత్రులు పడుకున్నా కొత్తగా పోయేది కొంచెమే. అమెరికా అటవీ సర్వీసులో పరిశోధకుడిగా పనిచేసిన డేవిడ్ కోల్ లాంటివాళ్లు దశాబ్దాల పాటు కొలిచి చెప్పిందీ ఇదే. నష్టంలో పెద్ద వాటా మొదటి కొద్దిమందితోనే జరిగిపోతుంది, తర్వాత పెరుగుదల నెమ్మదిస్తుంది. కోలుకోవడానికి మాత్రం ఏళ్లూ పూళ్లూ పడుతుంది. అంటే కోటా పెట్టి జనాన్ని సగానికి తగ్గించినా, ఆ సగం మంది ఎక్కడ పడితే అక్కడ పడుకుంటే నేలకు ఒరిగేదేమీ లేదు. ఇంకా చెప్పాలంటే, "జనం లేని మంచి చోటు" వెతుక్కుంటూ పోయేవాళ్లే తెలియకుండా ఎక్కువ పాడుచేస్తారు. నేనూ కుర్రతనంలో అలాగే తిరిగాను, ఇప్పుడు తల్చుకుంటే బాధగా ఉంటుంది.

మిన్నెసోటాలో సుపీరియర్ నేషనల్ ఫారెస్ట్ లోపల బౌండరీ వాటర్స్ అని 10 లక్షల ఎకరాలు దాటిన సరస్సుల అడవి ఉంది. అక్కడ కోటా ఉంది, నిజమే. ఏ ప్రవేశద్వారం నుంచి రోజుకు ఎన్ని బృందాలు వెళ్లాలో లెక్క ఉంటుంది. బృందంలో 9 మంది, 4 పడవలు మించకూడదు. డబ్బాలు, గాజు సీసాల్లో తిండీ పానీయాలూ తీసుకెళ్లనివ్వరు. అన్నిటికన్నా నాకు నచ్చిన నియమం వేరే ఉంది. ఇనుప పొయ్యి జాలీ, మరుగుదొడ్డి ఏర్పాటు చేసిన చోటే టెంటు వేయాలి. ఆ ఒడ్డు ఒక్కటీ అరిగిపోతుంది, పక్క ఒడ్లన్నీ బతికిపోతాయి.

అందుకే ముందు చోట్లు లెక్కపెట్టాలి, కోటా దాన్నిబట్టి రావాలి. మడుగుపిట్ట గారు చూసిన ఒడ్డున గట్టి నేల ఉన్న నాలుగు చోట్లు గుర్తుపెట్టి, మిగతావి మూసేస్తే ఆ రాత్రికి కోటా నాలుగు టెంట్లు. స్వీడన్ పద్ధతి జనం పలచగా పరుచుకునే చోట బాగుంటుంది. అందరూ ఒకే ఫోటో చూసి ఒకే సరస్సుకు బయల్దేరితే అది నిలవదు.

కాలిబాట:
చోట్ల లెక్క అంటే ఒప్పుకుంటాను, అందులో కారణం కనిపిస్తోంది. మరి వాషింగ్టన్ రాష్ట్రంలో ఎన్‌చాంట్‌మెంట్స్ సరస్సుల దగ్గర జరుగుతున్నదేమిటి? వేసవిలో రాత్రి బసకు లాటరీ, తగలడం మహా కష్టం. పగటి నడకకు కోటా లేదు. దాంతో బస దొరకని వాళ్లు దాదాపు 30 కిలోమీటర్లు ఒక్క రోజులో లాగించేస్తున్నారు. దారిలో ఆస్‌గార్డ్ పాస్ దగ్గర మైలు కూడా రాని దూరంలో సుమారు 2,000 అడుగులు ఎక్కాలి. రెండు రోజులు తీరిగ్గా చూడాల్సిన అడవిలో తెల్లవారకముందే తలకు లైటు కట్టుకుని పరుగు మొదలుపెడతారు. వీళ్లూ ఆ నీళ్ల దగ్గరే ఆగుతారు, ఆ రాళ్ల వెనక్కే వెళ్తారు. ఒక చోట నొక్కితే ఇంకో చోట ఉబ్బింది, అంతే కదా.

రాత్రిషిఫ్టు:
నాదీ ఒక మాట. నాకు సెలవు ఖాయమయ్యేది వారం ముందు. ఫిబ్రవరిలో లాటరీ వేసి ఆగస్టులో ఏ తేదీ కావాలో చెప్పమంటే ఎలా చెప్పను? లాటరీ అందరికీ సమానమేనంటారు. సెలవులు తమ చేతిలో ఉన్నవాళ్లకు సమానమే.

మడుగుపిట్ట:
రాత్రిషిఫ్టు గారూ, ఇది నాకు తట్టనే లేదండి. కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో బాటల మీద రాత్రి బస పర్మిట్లను రెండు వంతులు చేశారు. 60 శాతం 24 వారాల ముందు లాటరీలో ఇస్తారు, మిగతా 40 శాతం ఏడు రోజుల ముందు తెరుస్తారు. ప్రతి అడవిలోనూ ఇలా కొంత వాటా ఆఖరి వారానికి అట్టిపెట్టాలి. దీనికి ఎవరూ అడ్డు చెప్పరనుకుంటాను.

కాలిబాట గారూ, మీకు నచ్చిన స్వేచ్ఛ గురించి ఇంకో సంగతి. స్కాట్లాండ్‌లో 2003 నాటి భూసంస్కరణ చట్టంతో నడవడానికీ, బస చేయడానికీ అందరికీ హక్కు వచ్చింది. కానీ లాక్ లోమండ్ పార్కులో సరస్సు ఒడ్డులు నలిగిపోయి, 2017 నుంచి మార్చి 1 మొదలు సెప్టెంబరు 30 దాకా కొన్ని ఒడ్డుల మీద పర్మిట్ లేనిదే టెంటు వేయనివ్వడం లేదు. పార్కులో మిగతా చోట్ల పాత హక్కు అలాగే ఉంది. ఈ పద్ధతికైనా మీరు సరేనంటారా?

కాలిబాట:
సరే. ఒక్క షరతు. మూసిన చోటును ఎందుకు మూశారో, ఎంత కోలుకుందో కొలతలతో సహా బాట మొదట్లో బోర్డు మీద రాయాలి. కారణం చూపిస్తే నాలాంటివాళ్లం సంతోషంగా తిరిగొస్తాం. ఇప్పుడు మాకు దొరుకుతున్నది "క్షమించండి, మీకు రాలేదు" అనే ఈమెయిలొక్కటే.

పాతమ్యాపు:
ఆ షరతు న్యాయమైనదే. మేం మూసిన ఒక చోటుకు ఏడేళ్లు నిండాయి. అంచుల్లో గడ్డి మోకాలెత్తు వచ్చింది. మధ్యలో మాత్రం టెంటు వేసిన చదరం ఇప్పటికీ గీత గీసినట్టు కనిపిస్తోంది, మేకు దింపితే రెండు వేళ్ల లోతు కూడా దిగదు. వచ్చే నెల మళ్లీ కొలవడానికి వెళ్తున్నాం. ఆ అంకెలు ఇక్కడే పెడతాను.