యూకేలో ఎల్ఎల్‌బీ, మధ్యలో ఒక ఏడాది నెదర్లాండ్స్‌లో.. తర్వాత మన హైకోర్టులో ప్రాక్టీస్ చెయ్యొచ్చా?

బెజవాడమ్మాయి:
అందరికీ నమస్తే. ఇంటర్ సెకండియర్ ఎంఈసీ నాది. ఇక్కడి లా ఎంట్రన్స్ క్లాట్‌కి చదువుతూనే యూకేకి కూడా అప్లై చేశా, అక్కడి లా ఎంట్రన్స్ ఎల్‌నాట్ రాసేశా. ఒకచోట మామూలు మూడేళ్ల ఎల్ఎల్‌బీ, ఇంకోచోట నాలుగేళ్లది, అందులో థర్డ్ ఇయర్ మొత్తం నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో చదవాలంట. నాకు రెండోదే కావాలని ఉంది. నాన్నేమో ఎంత ఖర్చైనా పర్లేదు గానీ చివరికి నువ్వు అమరావతి హైకోర్టులో నల్లకోటు వేసుకోవాల్సిందే అంటున్నారు. ఆ ఏడాది వల్ల ఇక్కడ లాయర్‌గా ఎన్‌రోల్‌మెంట్‌కి అడ్డమేమన్నా వస్తుందా? ఫీజు ఆ ఏడాది కూడా ఫుల్లా?

సివిల్_సైడ్_హైదరాబాద్:
అమ్మా, అడ్డం వచ్చేది లైడెన్ కాదు, కోర్సు పొడవు. మన దగ్గర ఇంటర్ తర్వాత లా అంటే ఐదేళ్లు, డిగ్రీ తర్వాతైతే మూడేళ్లు. ఇంటర్ అవ్వగానే వెళ్లి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేసొచ్చిన వాళ్లని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (బీసీఐ) ఆ తేడా పూడ్చే బ్రిడ్జ్ కోర్సు చెయ్యమంటోంది, ఆ తర్వాత ఫారిన్ డిగ్రీ వాళ్లకి పెట్టే క్వాలిఫయింగ్ ఎగ్జామ్ ఉంటుంది, రాజ్యాంగం, సివిల్ ప్రొసీజర్ (సీపీసీ), క్రిమినల్ ప్రొసీజర్ అన్నీ అందులో రాయాలి, అదయ్యాక లాయర్లందరూ రాసే ఆలిండియా బార్ ఎగ్జామ్ (ఏఐబీఈ) కూడా. యూనివర్సిటీ పేరు బీసీఐ గుర్తించిన లిస్టులో ఉందో లేదో ముందు చూసుకో. నాలుగేళ్ల డిగ్రీని ఎలా లెక్కేస్తారో డబ్బు కట్టకముందే బీసీఐకి రాసి, జవాబు కాగితం మీద తీసుకో. కన్సల్టెన్సీ వాళ్లు నోటితో చెప్పింది నమ్మొద్దు తల్లీ.

లైడెన్_నుంచి_వచ్చా:
నేను ఫైనలియర్, పోయినేడు అక్కడే ఉన్నా. ఫీజు సంగతి, యూకే పిల్లలకైతే ఏడాది మొత్తం బయటుంటే మామూలు ఫీజులో 15 శాతం మించి తీసుకోకూడదని రూల్ ఉంది, మనలాంటి ఇంటర్నేషనల్ వాళ్లకి ఆ రూల్ లేదు, ఒక్కో యూనివర్సిటీ ఒక్కోలా తీసుకుంటుంది కాబట్టి మెయిల్‌లో అడుగు. యూకే వీసా అక్కడ పనికిరాదు, డచ్ రెసిడెన్స్ పర్మిట్ వేరేగా తీసుకోవాలి, దాన్ని అక్కడి యూనివర్సిటీయే అప్లై చేస్తుంది. రూమ్ దొరకడం మాత్రం నరకం, సీటు కన్ఫర్మ్ అయిన రోజే వెతకడం మొదలెట్టు. మార్కులు పదికి వేస్తారు, ఎనిమిదొస్తే చాలా గొప్ప, అవి నీ ఫైనల్ క్లాస్‌లో కలుస్తాయా, ఊరికే పాస్ అయితే చాలా అన్నది మీ యూనివర్సిటీ హ్యాండ్‌బుక్‌లో చూడు. ఇవన్నీ పక్కన పెడితే, ట్రైనెక్కితే పావుగంటలో హేగ్, అక్కడ పీస్ ప్యాలెస్‌లో అంతర్జాతీయ న్యాయస్థానం వాదనలు జరుగుతుంటే ముందే పేరు రాయించుకుని వెళ్లి వినొచ్చు, దేశాల తరఫున లాయర్లు నిలబడి మాట్లాడుతుంటే పుస్తకంలో చదివిందంతా అప్పుడు అర్థమైంది నాకు. కుదిరితే వదులుకోకు చెల్లీ.

క్రాయ్డన్_అన్న:
ఒకవేళ ఇంగ్లండ్‌లోనే సొలిసిటర్ అవ్వాలనుకుంటే ఇయర్ అబ్రాడ్ అడ్డేం కాదు, సొలిసిటర్లకి పెట్టే ఎస్‌క్యూఈ రెండు పరీక్షలు, రెండేళ్ల పని అనుభవం కావాలి. కాకపోతే 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి చదువయ్యాక అక్కడ ఉండి పనిచేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా 18 నెలలే, లెక్క దాన్ని బట్టి వేసుకో.

బెజవాడమ్మాయి:
చాలా థ్యాంక్స్ అండీ. నాన్నకి చదివి వినిపించా, బ్రిడ్జ్ కోర్సు సంగతి ఆయనకీ తెలీదంట. బీసీఐకి లెటర్ రాస్తున్నాం, జవాబొచ్చేదాకా క్లాట్ చదువు ఆపను.