ట్రైనింగ్ రికార్డులు సీఆర్‌ఎంలోనే కట్టుకోవాలా, విడిగా ఎల్‌ఎంఎస్ కొనాలా?

బాలానగర్ సర్వీస్ డెస్క్:
మాది ల్యాబ్ పరికరాలు అమ్మి, సర్వీస్ చేసే కంపెనీ. హెచ్‌పీఎల్‌సీలు (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే మెషీన్లు), తూకం వేసే బ్యాలెన్సులు, స్టెబిలిటీ ఛాంబర్లు (మందు ఎన్నాళ్లు నిలుస్తుందో చూసే పెట్టెలు) చూస్తాం. కస్టమర్లలో ఎక్కువమంది జీడిమెట్ల, పాశమైలారం, జీనోమ్ వ్యాలీ వైపు ఫార్మా వాళ్లే. సేల్స్, సర్వీస్ కాల్స్ (మెషీన్ చూడమని కస్టమర్ల నుంచి వచ్చే పనులు) రెండూ సేల్స్‌ఫోర్స్ అనే సీఆర్‌ఎంలో, అంటే కస్టమర్ల వివరాలు చూసుకునే సాఫ్ట్‌వేర్‌లో, నడుస్తాయి. ట్రైనింగ్ వివరాలు మాత్రం హెచ్‌ఆర్ దగ్గర ఒక ఎక్సెల్ షీటులో ఉంటాయి.

ఈమధ్య ఒక ప్లాంటుకి క్యాలిబ్రేషన్‌కి (మెషీన్ కొలతలు సరిచూడటానికి) వెళ్లిన మా ఇంజనీరును అక్కడి క్యూఏ (క్వాలిటీ చూసే) వాళ్లు గేటు దగ్గరే ఆపేశారు. ఆ మోడల్ మీద అతని సర్టిఫికెట్ గడువు అయిపోయింది. ఏ కాల్‌కి ఎవరిని పంపాలో చూసే డిస్పాచర్‌కి ఆ సంగతి తెలిసే దారే లేదు, ఆ షీటు ఆవిడకి కనబడదు.

ఇప్పుడు మా సర్వీస్ హెడ్ ‘సీఆర్‌ఎంలోనే చిన్న యాప్ కట్టేద్దాం, ఎవరికి ఏ మెషీన్ వచ్చో, ఏ ట్రైనింగ్ ఎప్పుడు అయిందో అన్నీ అక్కడే ఉంటాయి’ అంటున్నారు. హెచ్‌ఆర్ ఏమో ‘అది కస్టమర్ల కోసం పెట్టుకున్నది, ట్రైనింగ్‌కి ఎల్‌ఎంఎస్ (కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్) కొనండి’ అంటోంది. ఇద్దరూ తగ్గేలా లేరు. ఇలాంటిది చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

మాదాపూర్ అడ్మిన్:
కట్టండి. మీ ఇబ్బంది ట్రైనింగ్ ఇవ్వడంలో లేదు, కాల్ వేసే టైముకి ఆ సంగతి కంటికి కనబడకపోవడంలో ఉంది. కాల్ ఎక్కడుంటే స్కిల్ కూడా అక్కడే ఉండాలి. ఎల్‌ఎంఎస్ కొన్నా మళ్లీ ఆ రెండింటినీ కలపడానికి ఇంటిగ్రేషన్ రాయించుకోవాల్సిందే.

ముందు మీ దగ్గర ఫీల్డ్ సర్వీస్ (సేల్స్‌ఫోర్స్‌లో బయట తిరిగే ఇంజనీర్ల పని చూసే భాగం) లైసెన్సు ఉందేమో చూసుకోండి. ఉంటే సగం యాప్ ఇప్పటికే మీ చేతిలో ఉన్నట్టు. ఇంజనీరు రికార్డు కింద స్కిల్, దాని లెవెల్, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ స్టాండర్డ్‌గా వస్తాయి. వర్క్ ఆర్డరుకి ఏ స్కిల్ కావాలో కూడా అందులో పెట్టుకోవచ్చు. షెడ్యూలింగ్ రూల్ సరిగ్గా పెట్టుకుంటే ఆ స్కిల్ లేనివాళ్లను అదే పక్కన పెడుతుంది.

ఆ లైసెన్సు లేకపోతే నాలుగు ఆబ్జెక్టులు (ఒక్కో రకం రికార్డులు ఉండే పట్టికలు) చాలు: ఉద్యోగి, స్కిల్, ట్రైనింగ్ సెషన్, ఉద్యోగినీ స్కిల్‌నీ కలిపే జంక్షన్. కీలకం ఆ జంక్షనే. చాలామంది ఉద్యోగి రికార్డు మీదే ‘ఫలానా మోడల్ వచ్చు’ అని చెక్‌బాక్సులు పెట్టేస్తారు. మోడల్స్ పెరిగేకొద్దీ పేజీ నిండిపోతుంది. ఎప్పుడు నేర్చుకున్నాడు, ఎవరు పరీక్షించారు అన్నది రాయడానికి చోటే ఉండదు. జంక్షన్ అయితే ఒక మనిషి, ఒక స్కిల్ కలిసి ఒక రికార్డు. లెవెల్, పరీక్షించినవారు, గడువు అన్నీ దాని మీదే. గడువుకి నెల ముందు షెడ్యూల్డ్ ఫ్లో (పెట్టిన టైముకి దానంతటదే నడిచే పని) ఒక మెయిల్ పంపుతుంది.

ఉద్యోగులను కాంటాక్టులుగా (కస్టమర్ల మనుషులు ఉండే జాబితాలో) మాత్రం పెట్టకండి. మార్కెటింగ్ వాళ్లు దసరా ఆఫర్ మెయిల్ కొట్టిన రోజు అది మీ స్టోర్స్ ఇన్‌ఛార్జికి కూడా వెళ్తుంది.

హెచ్‌ఆర్ అక్క:
‘నాలుగు ఆబ్జెక్టులు చాలు’ అనే మాట నేను పని చేసిన ప్రతి చోటా విన్నాను తమ్ముడూ. ఆ నాలుగు నలభై అయ్యాక, కట్టినాయన నోటీసు పీరియడ్‌లో ఉన్నాక, ఫ్లో ఎందుకు ఆగిందో చెప్పేవాడు ఉండడు.

ఇంజనీర్ల వరకే చూస్తే మీరు చెప్పేది బాగానే ఉంది. మరి అకౌంట్స్, స్టోర్స్, డ్రైవర్లు? 2013 నాటి పోష్ చట్టం (పనిచోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టేది) ప్రకారం ఉద్యోగులందరికీ అవగాహన కార్యక్రమాలు ఎప్పటికప్పుడు పెట్టాలి. ఫైర్ సేఫ్టీ ఉంటుంది. వీళ్లలో ఎంతమందికి సీఆర్‌ఎం లాగిన్ ఉంది? వీడియో చూపించి, క్విజ్ పెట్టి, మధ్యలో ఆపితే ఎక్కడ ఆగారో గుర్తుపెట్టుకోవాలి కదా. బయట కొనే కోర్సులు చాలావరకు స్కార్మ్ (ఎల్‌ఎంఎస్‌లు ఆడించగలిగే కోర్సు ఫార్మాట్) ప్యాకేజీలుగా వస్తాయి. 2001 నాటి స్కార్మ్ 1.2 ఈరోజుకీ నడుస్తూనే ఉంది. మూడ్‌ల్ లాంటి ఉచిత ఎల్‌ఎంఎస్ కూడా దాన్ని ఆడిస్తుంది. మీ సీఆర్‌ఎం ఆడించాలంటే మళ్లీ ఇంకో ప్యాకేజీ కొనాలి.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది ఎవరికి ఏం కనబడుతుందన్నది. సీఆర్‌ఎంలో సేల్స్ వాళ్లకి విశాలంగా యాక్సెస్ ఇచ్చి ఉంటారు. ఒక అబ్బాయి అసెస్‌మెంట్‌లో రెండుసార్లు తప్పాడన్న సంగతి రీజినల్ మేనేజరుకి ఎందుకు తెలియాలి?

మాదాపూర్ అడ్మిన్:
అక్కా, లాగిన్ లేకపోయినా ఉద్యోగి రికార్డు ఉండొచ్చు. అతని తరఫున కోఆర్డినేటర్ నింపుతారు. కనబడటం సంగతికొస్తే, ఆబ్జెక్టును ప్రైవేట్‌గా పెట్టి, మార్కుల ఫీల్డును పర్మిషన్ సెట్‌తో దాచేయొచ్చు. డిస్పాచర్‌కి ‘పంపొచ్చు, పంపకూడదు’ అన్నది కనబడితే చాలు. స్కార్మ్ విషయంలో మీ మాటే నిజం, దాని జోలికి నేను వెళ్లను.

ఓపెన్‌సోర్స్ ఉప్పల్:
రెండూ వద్దు. ఫ్రాపే హెచ్‌ఆర్ అనే హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ చూడండి. ట్రైనింగ్ ప్రోగ్రామ్, ఈవెంట్, ఫలితం, ఫీడ్‌బ్యాక్, ఉద్యోగి స్కిల్ మ్యాప్ అన్నీ ముందే ఉన్నాయి. సోర్స్ ఓపెన్, మన దేశపు సరుకే. సర్వర్ చూసుకునే మనిషి ఒకరుంటే చాలు.

హెచ్‌ఆర్ అక్క:
ఆ ఒక్క మనిషి దొరక్కే కదా ఇంకా ఎక్సెల్‌లో ఉన్నాం.

జీడిమెట్ల క్యూఏ:
గేటు దగ్గర ఆపే బ్యాచ్ మాది. కాబట్టి అవతలి వైపు నుంచి చెబుతా.

మా దగ్గరికి ఇన్‌స్పెక్టర్ వస్తే ‘ఈయనకి ట్రైనింగ్ అయిందా’ అని అడిగి ఊరుకోడు. ఏ ఎస్‌ఓపీ (పని ఎలా చేయాలో రాసిన పత్రం), ఏ వెర్షన్ మీద అయింది, ఎవరు ఇచ్చారు, అర్థమైందని ఎలా తేల్చారు, సంతకం తేదీ పని చేసిన తేదీకి ముందా వెనకా అని చూస్తాడు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వారి నిబంధన 21 సీఎఫ్‌ఆర్ 211.25 తయారీ సిబ్బంది చదువు, శిక్షణ, అనుభవం గురించి చెబుతుంది. 2023 చివర్లో సవరించిన మన షెడ్యూల్ ఎం (మందుల తయారీ నిబంధనలు) కూడా శిక్షణ రికార్డులు అడుగుతుంది. బయటి ఇంజనీరు వచ్చి బ్యాలెన్స్ క్యాలిబ్రేట్ చేసినా, ఆ రీడింగ్‌కి జవాబు చెప్పుకోవాల్సింది మేమే.

ఎలక్ట్రానిక్ రికార్డులకు 1997 నుంచి ఎఫ్‌డీఏ వారి పార్ట్ 11 నిబంధన ఉంది. అది మీ మీద నేరుగా వర్తించకపోవచ్చు. కానీ మీలాంటి సప్లయర్లను తనిఖీ చేసే వెండర్ ఆడిట్‌కి వచ్చినప్పుడు మేం అవే ప్రశ్నలు వేస్తాం: ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, పాత విలువ ఏంటి.

ఇక్కడే అడ్మిన్ తమ్ముడు ఒకటి చెప్పలేదు. సేల్స్‌ఫోర్స్‌లో మామూలుగా వచ్చే ఫీల్డ్ హిస్టరీ (ఏ గడిలో ఏం ఎప్పుడు మారిందన్న లెక్క) ఒక ఆబ్జెక్టుకి 20 ఫీల్డులకే. స్క్రీన్ మీద 18 నెలలే కనబడుతుంది, ఏపీఐ (ప్రోగ్రాముతో డేటా తీసే దారి) ద్వారా తీస్తే 24 నెలలు. అంతకంటే ఎక్కువ కాలం కావాలంటే షీల్డ్ అని విడిగా డబ్బు కట్టాలి. మేం మూడేళ్ల కిందటి మందుల బ్యాచ్ తీసి, ఆరోజు మెషీన్ ముట్టుకున్న మీ ఇంజనీరు సర్టిఫికెట్ అడుగుతాం. అప్పుడు మీ స్క్రీన్ మీద ఈరోజు లెవెల్ కనబడితే మాకేం లాభం?

కాబట్టి పాత రికార్డు మీద గడువు తేదీ దిద్దే పద్ధతే వద్దు. రీ-ట్రైనింగ్ అయిన ప్రతిసారీ కొత్త రికార్డు పుట్టాలి, పాతది లాక్ అయిపోవాలి. సంతకం చేసిన పీడీఎఫ్ దానికి తగిలించండి. డిలీట్ హక్కు ఎవరికీ ఇవ్వొద్దు, హెచ్‌ఆర్‌కి కూడా.

మాదాపూర్ అడ్మిన్:
ఇది ఒప్పుకుంటా. ప్రతిసారీ కొత్త రికార్డు అన్నది హిస్టరీ ఫీచర్ కంటే చవక, నమ్మకం కూడా. మనిషి కంపెనీ వదిలి వెళ్లినా యూజర్‌ని డీయాక్టివేట్ చేయగలరే తప్ప డిలీట్ చేయలేరు, కాబట్టి పాత సంతకాల పక్కన పేరు ఉంటుంది.

అమీర్‌పేట ట్రైనర్:
ఇంత చర్చలో నేర్చుకోవడం గురించి ఎవరూ మాట్లాడలేదు. మైత్రీవనం ముందు నిలబడితే ఏ సర్టిఫికెట్ కావాలన్నా డంప్స్ (బయటికొచ్చిన పరీక్ష ప్రశ్నలు, జవాబులు) బట్టీ పట్టించే బోర్డులు కనబడతాయి. కాగితం ఉంటుంది, పని రాదు. మీ యాప్‌లో ‘పూర్తయింది’ అని పచ్చగుర్తు పడితే జరిగేదీ అదే. 90 శాతం కంప్లీషన్ అని మేనేజ్‌మెంటుకి డ్యాష్‌బోర్డు చూపిస్తారు, మెషీన్ మాత్రం మళ్లీ ఆగుతుంది.

అమెరికా ప్రొఫెసర్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే ట్రైనింగ్‌ని నాలుగు మెట్లలో కొలవమన్నాడు. క్లాసు నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మార్పు వచ్చిందా, సంస్థకి ఫలితం దక్కిందా. ఎల్‌ఎంఎస్‌లు మొదటి రెండింటి దగ్గర ఆగిపోతాయి. ఫీడ్‌బ్యాక్ ఫారం, క్విజ్ మార్కులు, అంతే. మూడు, నాలుగు కావాలంటే పని జరిగే చోటి డేటా ఉండాలి. అది ఎవరి దగ్గరుంది? మొదటి విజిట్‌లోనే కాల్ క్లోజ్ అయిందా, అదే మెషీన్‌కి మళ్లీ కంప్లైంట్ వచ్చిందా, ఎన్ని స్పేర్లు మార్చారు, అన్నీ సీఆర్‌ఎంలోనే ఉన్నాయి. అందుకే, నాకు ఈ యాప్‌ల మీద పెద్ద మోజు లేకపోయినా, ఈ విషయంలో సర్వీస్ హెడ్ వైపే నా ఓటు. ట్రైనింగ్‌కి ముందు, తర్వాత రిపీట్ కాల్స్ ఎలా ఉన్నాయో ఆ యాప్‌లో చూడగలగాలి. అది చూడలేకపోతే ఎక్సెల్‌నే ఉంచుకోండి.

ఫీల్డ్‌లో తిరిగేవాడిని:
నేను ఇంజనీరుని. మీరందరూ మాట్లాడుతున్న ఆ ‘రికార్డు’ నేనే.

ట్రైనర్ గారూ, రిపీట్ కాల్స్‌తో నా స్కిల్ కొలుస్తానంటున్నారు. పాత మెషీన్లు, ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) లేని కస్టమర్లు, స్పేర్ శాంక్షన్ చేయని మేనేజర్లు, వీటన్నిటి బరువూ నా పేరు మీద పడుతుంది. ఇంకో సంగతి, బాగా వచ్చినవాడికే కష్టమైన కాల్స్ వేస్తారు. వాడికే రిపీట్లు ఎక్కువ వస్తాయి. లెక్కలో వాడే మొద్దు అవుతాడు.

లెవెల్స్ సంగతి కూడా చెబుతా. ఒకటి నుంచి ఐదు వరకు ఇస్తే మేనేజర్లు అందరికీ మూడు వేసి పోతారు. ఆ నంబర్ అప్రైజల్‌కి వాడతారని తెలిసిన రోజు నుంచి ‘నాకు ఈ మోడల్ రాదు, నేర్పించండి’ అని ఒక్కడు కూడా అనడు. రాదని చెప్పుకున్నవాడికి ఇంక్రిమెంట్ పోతే ఎవడు చెబుతాడు? నంబర్ల బదులు మూడు మాటలు చాలు: ఒంటరిగా చేయగలడు, తోడు ఉంటే చేయగలడు, ఇంకా నేర్చుకోవాలి. తోడు వెళ్లిన సీనియర్ మెషీన్ దగ్గరే అది తేల్చాలి.

నా రికార్డు నాకు కనబడాలి. తప్పుంటే అభ్యంతరం రాసే చోటు ఉండాలి. 2023 డేటా రక్షణ చట్టంలో 7వ సెక్షన్ కింద ఉద్యోగ అవసరాలకి కంపెనీకి వెసులుబాటు ఉందని మా హెచ్‌ఆర్ చెప్పారు. చట్టం సంగతి ఎలా ఉన్నా, చూపించకపోతే ఎవరూ నమ్మరు.

చాలా ప్లాంట్లలో ఫోన్ లోపలికి రానివ్వరు, సెక్యూరిటీ దగ్గర వదిలేసి వెళ్లాలి. ‘మొబైల్‌లో అప్‌డేట్ చేయండి’ అని యాప్ కట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

అమీర్‌పేట ట్రైనర్:
కష్టమైన కాల్స్ మాట నిజమే. అందుకే ఒక్కో మనిషికి కాదు, ఒక్కో కోర్సుకి చూడమంటాను. ఫలానా మోడల్ మీద ట్రైనింగ్ అయిన బ్యాచ్ మొత్తానికి రిపీట్లు తగ్గాయా లేదా అని. తగ్గకపోతే మార్చాల్సింది కోర్సునీ, నాలాంటి ట్రైనర్లనీ.

హెచ్‌ఆర్ అక్క:
అప్రైజల్‌కి వాడం అని రాతపూర్వకంగా పెట్టాలి, నోటి మాట చాలదు. కానీ ఒకటి చెప్పనా? పెట్టినా ఏప్రిల్‌లో ఎవరో ఒకరు రిపోర్టు ఎక్స్‌పోర్ట్ చేసుకుని మీటింగ్‌కి వస్తారు. డేటా సీఆర్‌ఎంలో ఉన్నంతకాలం ఆ చేతులు ఆగవు. అందుకే నేను ఇంకా ఎల్‌ఎంఎస్ వైపే.

బాలానగర్ సర్వీస్ డెస్క్:
అందరికీ థాంక్స్. లైసెన్సు కనుక్కున్నాను, ఫీల్డ్ సర్వీస్ మాకు లేదు, ఈ ఏడాది బడ్జెట్‌లో కూడా లేదు. మీ మాటలు మీటింగ్‌లో పెడితే ఒక దారికి వచ్చాం. అందరికీ ఉండే ట్రైనింగులు, క్విజ్‌లు మూడ్‌ల్‌లో పెట్టి హెచ్‌ఆర్ చూసుకుంటుంది. మెషీన్ స్కిల్స్ ఒక్కటే సీఆర్‌ఎంలో జంక్షన్‌గా కడతాం, రీ-ట్రైనింగ్‌కి కొత్త రికార్డు పద్ధతిలో. మార్కులు సీఆర్‌ఎంలోకి రావు. మూడు మాటల లెవెల్ అందరికీ నచ్చింది, సేల్స్ హెడ్‌కి తప్ప. ఆయనకి నంబర్లే కావాలట.

ఒక్క దగ్గర ఆగిపోయాం. గడువు అయిపోయిన ఇంజనీరుకి కాల్ వేయబోతే యాప్ అడ్డుకోవాలా, హెచ్చరించి వదిలేయాలా?

జీడిమెట్ల క్యూఏ:
అడ్డుకోవాలి. ఇందులో చర్చ ఏముంది?

మాదాపూర్ అడ్మిన్:
ఉంది మేడమ్. పూర్తిగా అడ్డుకుంటే, నెలాఖరున ముగ్గురికి ఒకేసారి గడువు అయిపోయినప్పుడు డిస్పాచర్ ఎవరితోనో చెప్పి తేదీ ముందుకి జరిపిస్తుంది. తప్పుడు డేటా పుట్టేది ఇలాంటి గట్టి తాళాల దగ్గరే. హెచ్చరించండి, ఎందుకు పంపుతున్నారో కారణం రాయించండి, దాన్ని మేనేజరుకి పంపండి.

జీడిమెట్ల క్యూఏ:
కారణం రాసినంత మాత్రాన నా గేటు తెరుచుకోదు. అయినా మీరు చెప్పినదాంట్లో కొంత ఉంది. పని రకాన్ని బట్టి విడదీయండి. క్యాలిబ్రేషన్, క్వాలిఫికేషన్ (మెషీన్ వాడకానికి పనికొస్తుందని తేల్చే) పనులకి గట్టిగా అడ్డం పెట్టండి, అక్కడ ఇంజనీరు సంతకమే మా రికార్డు అవుతుంది. బ్రేక్‌డౌన్ రిపేరు అయితే హెచ్చరిక చాలు, ఎందుకంటే రిపేరు తర్వాత మెషీన్‌ని మళ్లీ చెక్ చేయకుండా మేమెలాగూ వాడం. ఆ చెక్ చేసేవాడి సర్టిఫికెట్‌కి మాత్రం గడువు మిగిలి ఉండాలి.

బాలానగర్ సర్వీస్ డెస్క్:
ఇది కుదురుతుంది. వర్క్ టైప్ ఫీల్డు మా కాల్ రికార్డులో ఇప్పటికే ఉంది, వాలిడేషన్ రూల్ (షరతు కుదరకపోతే రికార్డు సేవ్ కానివ్వనిది) దాని మీద పెట్టేస్తాం. హెచ్చరికను దాటించే హక్కు ఎవరికి ఇవ్వాలన్నది రేపు తేలుస్తాం.

ఫీల్డ్‌లో తిరిగేవాడిని:
ఎవరికైనా ఇవ్వండి కానీ సేల్స్ హెడ్‌కి ఇవ్వకండి. గేటు దగ్గర తిట్లు తినేది ఆయన కాదు.