ఏరియేటర్లు తిరుగుతున్నా బెల్లం పానకం చెరువంతా ఎందుకు కలవలేదు?

రొయ్యల రైతు, భీమవరం:
అందరికీ నమస్కారమండి. మా ఎకరంన్నర వనామి రొయ్యల చెరువులో, నీటిని చిలికి గాలి కలిపే నాలుగు ఏరియేటర్లను గట్టు వెంబడి, నీరంతా ఒకే వైపు గుండ్రంగా తిరిగేలా పెట్టాము. మొన్న ఉదయం బెల్లం పానకాన్ని ఒక మూలన పోసినప్పుడు, ఆ గోధుమరంగు చార సాగుతూ సాగుతూ తాడంత సన్నబడి చెరువు చుట్టూ తిరిగిందే తప్ప, నడిమి నీటికి మధ్యాహ్నం దాకా ఆ రంగు అంటలేదు. నీరు ఆగకుండా తిరుగుతున్నా కలవకపోవడానికి కారణం ఏమిటో తెలిసినవారు చెప్పగలరు.

ఫిజిక్స్ లెక్చరర్, కాకినాడ:
నీరు తిరగడం వేరు, అందులో కరిగినది కలవడం వేరండి. కలిపే పనిని చివరకు పూర్తి చేసేది అణువుల వ్యాపనమే, అంటే అణువులు వాటంతట అవే కదులుతూ నీటిలో పరుచుకోవడమే. అది ఎంత నెమ్మది అంటే, కదలని నీటిలో ఉప్పు ఒక మీటరు దూరం వ్యాపించడానికి దాదాపు 10 సంవత్సరాలు పడుతుంది. సెంటీమీటరుకు 9 గంటలు, మిల్లీమీటరుకు 5, 6 నిమిషాలు చాలు. పంచదార అంతకంటే సుమారు మూడింతలు నెమ్మది. దూరం పదో వంతుకు తగ్గితే కాలం నూరో వంతుకు తగ్గుతుంది కాబట్టి, చారను సాగదీసి పలచన చేయడమే సుడి చేసే మేలు.

అయితే సుడి ఒక్కటే నిలకడగా తిరుగుతుంటే ప్రతి నీటిబొట్టూ దాదాపు తన వలయంలోనే ఉండిపోతుంది. పక్కపక్క వలయాల వేగాల్లో తేడా వల్ల చార సాగుతుంది గాని, నడుమకు దారి దొరకదు. రెండు సుడులను ఒకదాని తర్వాత ఒకటి తిప్పితే చార సాగి, మడతపడి, మళ్లీ సాగుతుందని ద్రవాల కదలికను పరిశోధించిన శాస్త్రవేత్త హసన్ ఆరెఫ్ 1984లో చూపించారు. మడతకు సగం చొప్పున సన్నబడితే, పది మడతల్లో మీటరు వెడల్పు మిల్లీమీటరుకు దిగుతుంది. మజ్జిగ చిలికేటప్పుడు కవ్వాన్ని తాడుతో అటూ ఇటూ తిప్పడం గుర్తు చేసుకోండి.

పాత రైతు, పాలకొల్లు:
లెక్చరర్ గారి మాట నిజమే గాని, ఆ గుండ్రటి తిరుగుడును పూర్తిగా చెడగొట్టవద్దు తమ్ముడూ. గ్లాసులో టీ తిప్పితే పొడి అడుగున నడుమకు చేరినట్టే, మిగులు మేతా రొయ్యల వ్యర్థాలూ చెరువు నడుమ పోగుపడి, రొయ్య మేత తినే చోటు శుభ్రంగా ఉంటుంది. పానకాన్ని తెప్ప మీద వెళ్లి నాలుగైదు చోట్ల పోయండి. ఏరియేటర్లను జతలుగా మార్చి తిప్పదలిస్తే, ఎండ బాగా ఉన్నప్పుడు, ఆక్సిజన్ చూసుకుని, అరగంట మాత్రమే చేయండి. తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది గనుక రాత్రిపూట ఒక్కదాన్ని కూడా ఆపవద్దు.

రొయ్యల రైతు, భీమవరం:
ఇద్దరికీ కృతజ్ఞతలండి. నిన్న పదకొండు గంటలకు ఆక్సిజన్ చూసుకుని, ఎదురెదురు జతలను మార్చి మార్చి తిప్పాము. చార వంపు తిరిగి, తన మీదే మడతపడి నడుమకు దూరింది. గంట తర్వాత నడిమి నీటినీ మూల నీటినీ రెండు సీసాల్లో పట్టి పక్కపక్కన పెడితే రంగు ఒక్కలాగే ఉంది.