పుల్ల చెర్రీ రసం తాగుతుంటే గౌట్ మాత్ర మానేయవచ్చా?

కృష్ణాతీరం:
మా నాన్నగారికి 68 ఏళ్లు. నాలుగేళ్ల క్రితం కాలి బొటనవేలి కీలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి రావడంతో డాక్టరుగారు గౌట్ (రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్లలో చేరే జబ్బు) అని తేల్చి, దాన్ని తగ్గించడానికి రోజూ వేసుకోమని అల్లోప్యూరినాల్ మాత్ర రాశారు. గత నెల అన్నయ్య అమెరికా నుంచి వస్తూ పుల్ల చెర్రీ గాఢరసం సీసాలు రెండు తెచ్చి, ఇది తాగుతుంటే మాత్రతో పనే లేదని చెప్పి వెళ్లాడు. నాన్నగారు పన్నెండు రోజులుగా మాత్ర ముట్టుకోవడం లేదు. అన్నయ్య మాట కొట్టిపారేయలేను, అలాగని నమ్మి ఊరుకోనూ లేను. తెలిసినవారు చెప్పగలరు.

మిచిగన్ తెలుగువాడు:
మీ అన్నయ్యగారు గాలికబుర్లు చెప్పలేదండి. నేనుండేది మిచిగన్‌లోని ట్రావర్స్ సిటీ దగ్గర. జులైలో ఇక్కడి తోటల్లో యంత్రం చెట్టు మొదలు పట్టుకుని కొన్ని సెకన్లు కుదిపితే, మాంట్‌మోరెన్సీ రకం పుల్ల చెర్రీలు కింద పరచిన పట్టా మీద జలజలా రాలతాయి. పైన మెరిసే ఎరుపు, లోపల లేత పసుపు గుజ్జు. కోశాక నిలవ ఉండవు కనుక చాలావరకు గడ్డకట్టించి, ఎండబెట్టి, లేదా రసం తీసి అమ్ముతారు. గౌట్‌కు చెర్రీ మంచిదన్న మాట 1950లో టెక్సాస్‌లో లుడ్విగ్ బ్లావ్ అనే ఆయన 12 మంది అనుభవాలను ఒక పత్రికలో రాసినప్పటి నుంచీ ఉంది. 2012లో బోస్టన్ పరిశోధకులు 633 మంది గౌట్ రోగులను ఏడాది పాటు పరిశీలించి, చెర్రీలు తిన్న రెండు రోజుల వ్యవధిలో నొప్పి తిరగబెట్టే అవకాశం 35 శాతం తక్కువగా ఉందని ప్రకటించారు. మా ఆవిడ నిద్ర కోసం రోజూ రాత్రి అర గ్లాసు తాగుతుంది. అందులో నిద్రకు తోడ్పడే మెలటోనిన్ అనే హార్మోన్ సహజంగా ఉంటుంది.

పాత ఫార్మసిస్టు:
అంకెలు సరిగానే ఇచ్చారు, కానీ వాటిలో అసలైనదాన్ని వదిలేశారు. ఆ బోస్టన్ అధ్యయనంలో ఎవరికీ చెర్రీలు ఇచ్చి చూడలేదు. ఒకే మనిషి నొప్పి వచ్చిన రోజుకు ముందు ఏం తిన్నాడో, నొప్పి లేని రోజులకు ముందు ఏం తిన్నాడో అతని మాట మీదనే రాసుకుని పోల్చారు. అంతకన్నా ముఖ్యం, చెర్రీతో పాటు అల్లోప్యూరినాల్ కూడా వేసుకున్న రోజుల్లో ఆ అవకాశం 75 శాతం తగ్గింది. అంటే మీరు సాక్ష్యంగా తెచ్చిన అధ్యయనమే మాత్ర మానవద్దని చెబుతోంది.

నిజంగా ఇచ్చి చూసిన ప్రయోగమూ ఉంది. 2020లో న్యూజిలాండ్ వైద్యులు 50 మంది గౌట్ రోగులకు 28 రోజుల పాటు వేర్వేరు మోతాదుల్లో పుల్ల చెర్రీ గాఢరసమో, చెర్రీ లేని ద్రవమో ఇస్తే, రక్తంలో యూరిక్ యాసిడ్ విషయంలో తేడా కనిపించలేదు. చెర్రీ తింటే యూరిక్ యాసిడ్ తగ్గిందని అందరూ ఎత్తిచూపే 2003 నాటి కాలిఫోర్నియా ప్రయోగం జరిగింది పదిమంది ఆరోగ్యవంతులైన స్త్రీల మీద, అదీ బింగ్ అనే తీపి చెర్రీతో! పుల్ల చెర్రీ సీసా అమ్మేవారు దాన్ని తమ ఖాతాలో వేసుకోవడం నాకు నవ్వు తెప్పిస్తుంది. ఇలా కీళ్లనొప్పులు, క్యాన్సర్ తగ్గుతాయని రాసుకున్నందుకే 2005లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 29 చెర్రీ వ్యాపార సంస్థలకు హెచ్చరిక లేఖలు పంపింది.

మెలటోనిన్ సంగతీ లెక్క వేద్దాం. మాంట్‌మోరెన్సీలో గ్రాముకు సుమారు 13 నానోగ్రాములని 2001లో కొలిచారు. అంగట్లో దొరికే 3 మిల్లీగ్రాముల మాత్రకు సాటి రావాలంటే రెండు క్వింటాళ్లకు పైగా చెర్రీలు తినాలి. మీ ఆవిడగారికి నిద్ర పడితే సంతోషమే, కారణం మాత్రం అది కాకపోవచ్చు.

కృష్ణాతీరం గారూ, మాత్ర ఆపితే ఒకటి రెండు వారాల్లో యూరిక్ యాసిడ్ మళ్లీ పాత స్థాయికి చేరుతుంది. నొప్పి ఇంకా రాలేదు కదా అని నిశ్చింతగా ఉండకుండా ఈ వారమే డాక్టరుగారిని కలవండి.

వాక్కాయ పులిహోర:
మందు తగవు మీరు తేల్చుకోండి. పండు గురించి నాదొక మాట. మన బేకరీల్లో బన్ను మీదా, కేకులోనూ కనిపించే ఎర్ర చెర్రీ చాలాసార్లు చెర్రీయే కాదు, గింజ తీసి రంగువేసి పాకంలో ఊరబెట్టిన వాక్కాయ. నేను డాలస్ వచ్చాక ఆ లెక్కను తిరగేశాను: ఇక్కడ వాక్కాయ దొరకదు కాబట్టి, గడ్డకట్టించిన పుల్ల చెర్రీలు గుప్పెడు తెచ్చి కందిపప్పులో వేసి, ఇంగువ, ఎండుమిరపకాయలతో తాలింపు పెడతాను. వాక్కాయ వగరు రాదు కానీ పులుపుకు లోటుండదు. మా పక్కింటి ఇరానీ ఆవిడ వీటిని ఆల్బాలూ అంటారు, అన్నంలో కలిపి పులావు వండుతారు, ఎండాకాలం షర్బత్ కాస్తారు. హంగేరీ వాళ్లు చల్లటి సూపు చేసుకుంటారట. గింజలు మాత్రం పండుతో కలిపి మిక్సీలో వేయకండి, నలిగితే వాటిలోంచి సైనైడ్ పుడుతుంది.

మిచిగన్ తెలుగువాడు:
మాత్ర మానమని నేను అనలేదు, అయినా ఆ 75 శాతం సంగతి చెప్పకపోవడం నా పొరపాటే. అయితే ఫార్మసిస్టు గారు 28 రోజుల ప్రయోగంతో కథ ముగించడం న్యాయం కాదు. చెర్రీ పని చేసేది యూరిక్ యాసిడ్ మీద కాక వాపు మీదేమో, దానికి ఇంకా పెద్ద పరీక్ష కావాలి. 2006లో 14 మంది యువకుల చేత మోచేతి కండరాలకు కఠిన వ్యాయామం చేయించి చూస్తే, చెర్రీ రసం తాగినప్పుడు బలం 4 శాతమే తగ్గింది, తాగనప్పుడు 22 శాతం తగ్గింది. పద్నాలుగు మంది చాలరంటారు, ఒప్పుకుంటాను. సున్నా అని మాత్రం ఒప్పుకోను.

పాత ఫార్మసిస్టు:
సున్నా అని నేనూ అనను. వ్యాయామం చేసిన కుర్రాడి కండరం వేరు, అరవై దాటినవారి బొటనవేలు వేరు. పెద్దాయనకు షుగర్ ఉందా అని మనలో ఒక్కరమూ అడగలేదు.

కృష్ణాతీరం:
ఉందండి, అంచులో ఉంది. మీ మాట చదివాక సీసా తిప్పి చూస్తే, 30 మిల్లీలీటర్లకు చక్కెర 17 గ్రాములని వెనక చిన్న అక్షరాల్లో ఉంది. నాన్నగారు దాన్ని రోజుకు రెండుసార్లు తాగుతున్నారు. ఈ ఉదయం డాక్టరుగారికి చూపించాం. రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ ఉండాల్సినదానికన్నా ఎక్కువగా, 8.6 వచ్చింది, మాత్ర మళ్లీ మొదలుపెట్టమన్నారు, రసం విడిచిపెట్టలేకపోతే రోజుకు ఒక చెంచా నీళ్లలో కలుపుకోమన్నారు. అన్నయ్యకు ఫోన్ చేసి ఈ అంకె చెప్పాను, కాసేపు ఏమీ మాట్లాడలేదు. మిగిలిన సీసాను అమ్మ షర్బత్‌కు దాచింది.