రెఫరీ లేని ఆటలో కోపం వచ్చినప్పుడు మీరు ఏం చేస్తారు?

ఆదివారం_ఆట (హైదరాబాద్):
అందరికీ నమస్కారం. మా కాలనీ కోర్టులో ఎనిమిదేళ్లుగా ప్రతి ఆదివారం ఉదయం ఆరు గంటలకు బాస్కెట్‌బాల్ ఆడుతున్నాము. పందెం లేదు, కప్పు లేదు, చూసేవాళ్లు కూడా పెద్దగా ఉండరు. అయినా గత వారం స్కోరు 18-18 ఉన్నప్పుడు లేఅప్‌కు (బుట్ట దగ్గరికి వెళ్లి ఎగిరి బంతి వేయడానికి) లేచిన నా మణికట్టు మీద ఎదుటి జట్టు కుర్రవాడి చెయ్యి గట్టిగా పడింది. నేను ఫౌల్ అన్నాను, అతను తగలనే లేదన్నాడు. మాటా మాటా పెరిగి, చేతిలో ఉన్న బంతిని బలమంతా పెట్టి గోడకేసి కొట్టాను. అది తిరిగి వచ్చి, పక్కన కూర్చుని బూటు లేసులు కట్టుకుంటున్న పదో తరగతి పిల్లవాడి చెవికి తగిలింది. వాడు ఏడవలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. చెవి పట్టుకుని నా వంక ఒకసారి చూసి, లేచి వెళ్లి కుళాయి దగ్గర నిలబడ్డాడు. ఆ చూపు వారం రోజులుగా నన్ను వదలడం లేదు. ఇంట్లో గాని ఆఫీసులో గాని గొంతు పెంచని నేను కోర్టులో ఎందుకిలా అవుతున్నానో నాకు అర్థం కావడం లేదు. శాంతంగా ఉండమనే సలహా నాకు తెలిసినదే. ఆ క్షణంలో మీరు నిజంగా ఏం చేశారో, అది పనిచేసిందో లేదో చెప్పండి.

ఎడమచేతి_షాట్ (వరంగల్):
నేను వెంటనే వంగి బూటు లేసులు విప్పి మళ్లీ కట్టుకుంటాను. తల కిందికి ఉంటుంది కాబట్టి ఎదుటివాడి ముఖం కనబడదు, చేతులకు పని ఉంటుంది, లేచేసరికి సగం కోపం దిగుతుంది. నాకైతే నాలుగేళ్లుగా ఇది పనిచేస్తూనే ఉంది.

విశ్రాంత_పీఈటీ (విజయవాడ):
ఆదివారం_ఆట గారూ, మీ ఒక్కరి స్వభావంలోనే తప్పు వెతక్కండి. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నెయిస్మిత్ ఈ ఆటను మొదటిసారి ఆడించినప్పుడు కుర్రవాళ్లు ఒకరినొకరు పడదోసి, తన్ని, గుద్దుకున్నారని, కొందరికి కళ్లు కమిలిపోయాయని, ఒకరి భుజం తొలిగిందని ఆయనే 1939లో ఒక రేడియో కార్యక్రమంలో చెప్పారు. ఆ తర్వాత ఆయన చేసిన పని మనం గమనించాలి. ఆయన వాళ్లకు ఓర్పు గురించి బోధించలేదు. బంతి పట్టుకుని పరుగెత్తకూడదని నియమం పెట్టారు. పరుగెత్తేవాడు లేనప్పుడు వాణ్ణి పట్టి పడదోయవలసిన అవసరం కూడా పోయింది.

ఆయన రాసిన 13 నియమాలలో అయిదవది మీకు నేరుగా ఉపయోగపడుతుంది. భుజంతో తోసినా, పట్టుకున్నా, నెట్టినా, కాలు అడ్డం పెట్టినా, కొట్టినా మొదటిసారి అది ఫౌల్. రెండోసారి చేసినవాడు తర్వాతి గోలు పడేవరకు బయట ఉండాలి. గాయపరచాలనే ఉద్దేశం కనిపిస్తే ఆట మొత్తానికి బయటే, అతని బదులు మరొకరిని దింపడానికి కూడా వీలులేదు. నేను పనిచేసిన పాఠశాలలో సాయంత్రపు ఆటలకు దీన్నే కొంచెం మార్చి, అరిచినవాడికి, బంతిని విసిరికొట్టినవాడికి కూడా తర్వాతి గోలు పడేదాకా బయట కూర్చునే నియమం పెట్టాను. జట్టు నలుగురితో ఆడవలసి వస్తుంది కనుక, కోపిష్టిని అదుపులో పెట్టే బాధ్యతను సొంత జట్టువాళ్లే తీసుకునేవారు. నేను ఈల ఊదే అవసరం చాలావరకు తగ్గింది.

ఎడిసన్_తెలుగు (న్యూజెర్సీ):
ఇక్కడి పార్కుల్లో రెఫరీ ఉండడు కాబట్టి దెబ్బ తగిలినవాడే ఫౌల్ చెబుతాడు. ఎదుటివాడు ఒప్పుకోకపోతే, చెప్పినవాడు మూడు పాయింట్ల గీత బయట నిలబడి ఒక షాటు వేస్తాడు. పడితే అతని మాట నెగ్గినట్టు, పడకపోతే బంతి అవతలి జట్టుది. నిజమెవరిదో ఆ షాటు తేల్చదని అందరికీ తెలుసు, కాని వాదన అక్కడితో తెగుతుంది. చిక్కల్లా ప్రతిసారీ ఫౌల్ అనేవాళ్లతోనే. మా గుంపులో అలాంటి పెద్దమనిషి ఒకరుండేవారు. అందరిలో నిలదీస్తే ఇంకా బిగుసుకుంటారని, ఆట ముగిశాక ఆయనతో కారు దాకా నడిచి మాట్లాడాను. మోకాలికి శస్త్రచికిత్స అయిందని, ఎవరు దగ్గరికి వచ్చినా భయంతో ముందే అరుస్తున్నానని చెప్పారు. అప్పటినుంచి ఆయనను బయటినుంచి షాట్లు వేసే స్థానంలో ఆడిస్తున్నాము.

డిఫెన్స్_ముఖ్యం (విశాఖపట్నం):
నాది వేరే అభిప్రాయం. కోపం వస్తే నా కాళ్లు ఇంకా వేగంగా కదులుతాయి, రీబౌండ్లు (బుట్టలో పడక తిరిగొచ్చే బంతులు) ఎక్కువ దొరుకుతాయి. దాన్ని పూర్తిగా చంపుకుంటే ఆటే చప్పబడిపోతుంది.

విశ్రాంత_పీఈటీ (విజయవాడ):
కాళ్లలో ఉన్నంతవరకు మంచిదే, తమ్ముడూ. చేతుల్లోకి వచ్చిందంటే ఆటనుంచి బయటికి పంపే అయిదు ఫౌళ్లు ఎంతసేపట్లో పూర్తవుతాయో నేను చాలాసార్లు చూశాను. మరొక్క మాట. గొడవను విడదీసేవాళ్లు ఎప్పుడూ ఎదురుగా, నడుచుకుంటూ, చేతులు కనబడేలా రావాలి. 1977 డిసెంబరు 9న ఎన్‌బీఏ (అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్) ఆటలో గొడవ జరుగుతున్న చోటికి రూడీ టామ్‌జానొవిచ్ అనే ఆటగాడు పరుగెత్తుకుంటూ వచ్చారు. తన మీదికే వస్తున్నారనుకుని ఎదుటి జట్టు ఆటగాడు కెర్మిట్ వాషింగ్టన్ తిరిగి ఒక్క గుద్దు గుద్దారు. ముఖంలోని ఎముకలు విరిగి టామ్‌జానొవిచ్ ప్రాణం మీదికి వచ్చింది. వాషింగ్టన్‌ను 60 రోజులు ఆటకు దూరంగా ఉంచారు. కోపంలో ఉన్న మనిషి వైపు, ముఖ్యంగా వెనకనుంచి, ఎవరూ పరుగెత్తకూడదని నేను ప్రతి ఏడాదీ పిల్లలకు చెప్పేవాణ్ణి.

జెర్సీ_నంబరు_7 (హైదరాబాద్):
మా గుంపులో స్త్రీలు, పురుషులు కలిసి ఆడతాము. అరుపుల కోపం గురించే అందరూ రాశారు. అలిగి పాస్ ఇవ్వకపోవడం కూడా కోపమే. నేను ఒక పాస్ జారవిడిచినందుకు మా జట్టులోని ఒకాయన మిగిలిన ఆటంతా నా వైపు బంతి వేయలేదు, నేను బుట్ట కింద ఖాళీగా చెయ్యెత్తి నిలబడినా సరే. ఆ తర్వాత రెండు నెలలు నేను కోర్టుకు వెళ్లలేదు, ఎందుకు రావడం లేదని ఆయన అడగనూ లేదు. ఆదివారం_ఆట గారూ, మీరు ఆ పిల్లవాడికి క్షమాపణ చెప్పారా? చెబితే ఎక్కడ చెప్పారు? కోపం అందరి ముందు చూపించారు కాబట్టి క్షమాపణ కూడా అందరి ముందే చెప్పాలని నా ఉద్దేశం.

ఆదివారం_ఆట (హైదరాబాద్):
జెర్సీ_నంబరు_7 గారూ, చెప్పాను గాని కుళాయి దగ్గర, ఎవరూ వినకుండా చెప్పాను. మీ మాట చదివాక నిన్న ఆట మొదలయ్యే ముందు అందరినీ సెంటర్ సర్కిల్‌లోకి (కోర్టు మధ్యనున్న వలయంలోకి) పిలిచి మళ్లీ చెప్పాను. ఆ పిల్లవాడు తల వంచుకుని విన్నాడు. పర్వాలేదండీ అని మాత్రం అన్నాడు.

పీఈటీ గారి నియమాన్ని కూడా అందరితో ఒప్పించాను. రెండో ఆటలోనే స్క్రీన్ పెట్టినవాడి మీద (కదలకుండా నిలబడి నా దారికి అడ్డుగా ఉన్నవాడి మీద) అరిచి, నేనే బయట కూర్చోవలసి వచ్చింది. తర్వాతి గోలు పడటానికి నిమిషం కూడా పట్టలేదు, కాని నావాళ్లు నలుగురూ నేను వదిలిన మనిషిని కూడా కాయడానికి అటూ ఇటూ పరుగెత్తడం ఆ గీత బయట కూర్చుని చూశాను. తిరిగి లోపలికి వచ్చినప్పుడు బంతిని నాకు అందించింది ఆ పిల్లవాడే. ఎడిసన్ గారు చెప్పిన షాటు పద్ధతిని వచ్చే ఆదివారం మొదలుపెడుతున్నాము. ఫౌల్ అన్నవాడికి షాట్లు బాగా రాకపోతే అతని బదులు జట్టులో మరొకరు వేయవచ్చునా అని మావాళ్లు అడుగుతున్నారు, దయచేసి చెప్పగలరు.