కొత్తగా వచ్చిన తమ్ముడికి: ఇన్సూరెన్స్ కాగితం అర్థం కావాలంటే చాట్‌బాట్‌ను ఎలా అడగాలి

ప్రశ్న, అనంతపురం విద్యార్థి:

అందరికీ నమస్కారం. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఎం.ఎస్. చదవడానికి ఈ మధ్యే టెక్సాస్ వచ్చాను. యూనివర్సిటీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ కాగితాలు ఎంత చదివినా బుర్రకెక్కడం లేదు. చాట్‌బాట్‌ను "సులభంగా చెప్పు" అంటే పిల్లల కథలాంటిది చెప్పింది. వినడానికి బాగుంది కానీ, రేపు బిల్లు వస్తే ఎంత కట్టాలో తేలలేదు. ఎలా అడగాలి?

జవాబు, అనంతపురం అక్క:

తమ్ముడూ, "సులభంగా" అంటే ఎవరికి సులభంగా? నీ గురించి ఒక్క ముక్క కూడా చెప్పకపోతే అది అందరికీ చెప్పేదే నీకూ చెబుతుంది. ఐదేళ్ల పిల్లవాడికి చెప్పినట్టు చెప్పమంటే ఇంకా నష్టం. చిక్కుగా ఉన్న భాగాన్నే దాటేస్తుంది, నీకు కావలసింది ఆ భాగమే.

నీకు ఏమి తెలుసో, ఎక్కడ ఆగిపోయావో రాయి. నేనైతే ఇలా అడుగుతాను:

"మాది వేరుశనగ పండించే కుటుంబం. పంటల బీమా గురించి నాకు తెలుసు. ప్రీమియం అర్థమైంది. డిడక్టబుల్ (బీమా తన వాటా ఇవ్వడం మొదలుపెట్టేలోపు ఏడాదికి నేనే కట్టాల్సిన మొత్తం) కట్టేశాక కూడా మళ్లీ 20 శాతం ఎందుకు కట్టాలో అర్థం కాలేదు. నా పాలసీ కాగితం కింద పెడుతున్నాను, దాన్ని బట్టే చెప్పు. అందులో లేనిదాన్ని లేదనే చెప్పు. 4,000 డాలర్ల బిల్లు వస్తే నా వంతు ఎంతో మెట్టుమెట్టుగా లెక్క వేయి. పంటల బీమాతో ఇది ఎక్కడ పోలుతుందో, ఎక్కడ పోలదో కూడా చెప్పు."

ఆ "ఎక్కడ పోలదో" అన్న మాట వదలకు. దిగుబడి ఒక మట్టం కంటే తగ్గితేనే పంటకు పరిహారం వస్తుంది కదా, డిడక్టబుల్ కూడా కొంత అలాంటిదే. అంతవరకు సరే. కానీ ఫసల్ బీమాలో సాధారణంగా గ్రామం లేదా మండలం సగటు దిగుబడిని చూస్తారు. వాతావరణ బీమాలోనైతే వాతావరణ కేంద్రంలో నమోదైన వానను చూస్తారు. పక్క పొలం పచ్చగా ఉండి నీ పొలం ఎండినా లెక్క మారకపోవచ్చు. ఈ హెల్త్ ఇన్సూరెన్స్‌లో లెక్కంతా నీ ఒక్కడి బిల్లు మీదే. పోలిక ఎక్కడ తెగిపోతుందో అడగకపోతే, తెలిసిన పద్ధతినే ఇక్కడికీ అన్వయించుకుని పొరబడతావు.

లెక్క ఎలా ఉంటుందో చూడు. డిడక్టబుల్ 1,500, ఆపైన నీ వాటా 20 శాతం, ఏడాదికి నీ జేబు నుంచి గరిష్ఠంగా 5,000 డాలర్లు అనుకుందాం. ఆసుపత్రి నెట్‌వర్క్‌లోదే, అంటే నీ ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్నదే. 4,000 బిల్లులో ముందు 1,500 నీది, మిగిలిన 2,500లో 20 శాతం అంటే 500, మొత్తం 2,000. అదే ఏడాది 10,000 బిల్లు వస్తే డిడక్టబుల్ మళ్లీ ఉండదు, 2,000 కడితే చాలు. ఇంకో 10,000 వస్తే? ఇది చాట్‌బాట్‌ను అడగకు. నువ్వే వేసి, "నా లెక్క ఇది, తప్పుంటే ఏ మెట్టు దగ్గరో చూపించు" అను. 2,000 అని వేస్తే గరిష్ఠ పరిమితిని మరిచిపోయినట్టే. అప్పటికే 4,000 కట్టావు కాబట్టి 1,000తో ఆగాలి.

చాట్‌బాట్ తప్పును కూడా తడబాటు లేకుండా చెబుతుంది. మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఉందో చూసి పేర్చుకుంటూ పోవడమే దాని పని, నీ పాలసీ దానికి ముందే తెలియదు. అందుకే కాగితం పెట్టమన్నాను. పేరు, పుట్టిన తేదీ, మెంబర్ నంబరు, సోషల్ సెక్యూరిటీ నంబరు మాత్రం తీసేసి పెట్టు. ప్రతి మాటకూ కాగితంలోని ఏ వాక్యం ఆధారమో చూపించమని అడుగు, ఆ వాక్యం నిజంగా ఉందో లేదో నీ కళ్లతో చూసుకో.

ఇంకొకటి. "సమ్మరీ ఆఫ్ బెనిఫిట్స్ అండ్ కవరేజ్" అనే కాగితం నీ దగ్గర ఉండాలి. లేకపోతే యూనివర్సిటీ ఇన్సూరెన్స్ ఆఫీసులో అడుగు. దాని చివర ప్రసవం, టైప్ 2 మధుమేహం, ఎముక విరగడం అని మూడు ఉదాహరణలు అంకెలతో సహా ఉంటాయి. ఎముక విరిగిన ఉదాహరణ తీసుకుని, రోగి వంతుకు ఆ అంకెలు ఎలా వచ్చాయో చాట్‌బాట్‌ను వివరించమను. అది పొంతన లేకుండా చెబితే ముందు ఇచ్చిన వివరణను కూడా నమ్మకు. ఆసుపత్రికి వెళ్లే ముందు మాత్రం కార్డు వెనుక ఉన్న నంబరుకే ఫోన్ చేయి, ఆఖరి మాట వాళ్లదే.

జవాబు, కడప అన్న:

అక్క చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. క్లాసు పాఠాలకూ ఇదే దారి. స్టాటిస్టిక్స్‌లో పీ-వాల్యూ దగ్గర ఆగిపోతే, వివరణతో పాటు "దీన్ని విద్యార్థులు ఎక్కువగా ఎలా తప్పుగా అర్థం చేసుకుంటారు?" అని అడుగు. శూన్య పరికల్పన (తేడా గానీ ప్రభావం గానీ ఏమీ లేదనే ఊహ) నిజమయ్యే సంభావ్యతే పీ-వాల్యూ అనుకునేవాళ్లు చాలామంది. అది నిజమని ముందే అనుకుంటే, మనకు వచ్చినంత లేదా అంతకంటే విపరీతమైన ఫలితం వచ్చే సంభావ్యత అది. తెలుగులో వివరించమంటే నాకు త్వరగా ఎక్కేది, నువ్వూ అడిగి చూడు. అసైన్‌మెంట్‌కు వాడే ముందు మాత్రం సిలబస్‌లో ప్రొఫెసర్ పెట్టిన నియమం చదువు. ఒక్కొక్కరిది ఒక్కో నియమం.